తడిగుడ్డ లెక్క

సిత్రాల, రెండో నంబర్ గేటు పక్కన
నీడకు రెండు థర్మామీటర్లు వేలాడుతయి.
ఒకటి ఉత్తది.
ఇంకోదాని బుడ్డికి తెల్లగుడ్డ చుట్టి
గుడ్డ కొసను నీళ్ల డబ్బల ముంచిన్రు.
పదకొండేండ్ల సంది
రోజుకు మూడుసార్లు ఆ రెండిట్ని చదివి
నోటుబుక్కుల ఎక్కిచ్చుడు నా పని.
జీతం హెల్పర్‌ది.

సూడాన్ సేఫ్టీ ఆఫీసర్ ఇద్రీస్ నేర్పిండు,
వచ్చీరాని హిందీల:
"ఉత్తది గాలి సంగతి చెప్తది,
తడిది నీ పెయ్యి సంగతి చెప్తది.
రెండిట్ల నడుమ ఎడముంటేనే
నీ చెమట ఆరతది.
ఎడం లేకుంటే
నీళ్లు తాగినా, నీడకు కూసున్నా
లోపలి పొయ్యి ఆరదు."

మా దిక్కు అంటరు గదా,
తడిగుడ్డతోని గొంతు కోసుడని.
గా మాటకు అర్థం నాకు
ఈ సముద్రం ఒడ్డున దొరికింది.

ఆశన్న నమ్మడు.
స్కాఫోల్డింగ్ మేస్త్రి, ఇరవై ఆరేండ్ల సీనియరు,
ఏసీ లేని రూముల
పద్నాలుగు మందితోని పండినోడు.
"ఎండలు ఇయ్యాల కొత్తగ వచ్చినయారా?
గల్ఫ్‌ల మంచు కురుస్తదనుకొని ఎక్కినవా ఇమానం?
ఇదంతా మీటింగులు పెట్టేటోళ్ల యాపారం."
రూమంత నవ్వుతది.
నేను గూడ నవ్విన, మొదటి మూడేండ్లు.
గోడ అవతల చిమ్నీ మీద మంట
రాత్రీ పగలూ మండుతనే ఉంటది,
నా బిడ్డ కాలేజీ ఫీజు ఆ మంటలకెల్లే వస్తది.
అన్నం పెట్టే మంటను అనుమానించుడు
అంత అల్కగ కాదు.

ఒక్క రోజు లెక్క ఏం చెప్పదు.
ఒక్క ఎండాకాలం గూడ చెప్పదు.
మొన్నటేడు కన్నా నిరుడు ఇంత చల్లగున్నది,
ఆశన్న దాన్ని పట్టుకొని నెలరోజులు ఎక్కిరించిండు.
నేను బదులియ్యలే.
నా దగ్గర ఏడు బుక్కులున్నయి,
మాట లేదు.

ఒక రాత్రి నిద్ర పట్టక
బుక్కులన్ని మంచం మీద పరిచిన.
పగటి అంకెలు కల్లు తాగినోని నడక లెక్క
ఇటు తూలి అటు తూలినయి.
తెల్లారగట్ల అంకెలు అట్ల కాదు.
ఒక మెట్టు దిగి రెండు మెట్లు ఎక్కుకుంట
సప్పుడు లేకుండ పైకే పోతున్నయి.
రెండు రోజులు జరమొచ్చి అందాజుగ రాసిన,
వాటి పక్కన అప్పుడే చుక్కలు పెట్టుకున్న.
చుక్కలున్నయి తీసేసి మళ్ల సూసిన.
మెట్లు మెట్లే.

పోయిన ఆగస్టుల దత్తాద్రి,
బోధన్ పోరడు, ఇరవై ఏడేండ్లు,
పొద్దుమూకి డ్యూటీ దిగి వచ్చి
బూట్లు ఇప్పకుండనే ఒరిగిండు. లేవలే.
పగటి పూట పన్నెండు నించి నాలుగు దాక
పని బందే ఉండె. కాయితం మీద తప్పు లేదు.
"సహజ మరణం, గుండె ఆగింది" అని రాసిన్రు.
గుండె ఆగని సావు ఏదన్న ఉంటదా?

ఆనాడు నా బుక్కుల పొద్దుమూకి అంకెలు:
ఉత్తది ముప్పై ఆరు.
తడిది ముప్పై నాలుగు.
నడుమ ఎడం రెండు గీతలు.
ఆ రెండు గీతలే పోరని పానం తీసినయని
నేను రాయలేను.
నా బుక్కుల ఆ గడి లేదు.
పేజీ జిరాక్సు తీసి ఇస్తే
పెట్టె వెంట పోయే కాయితాలల్ల
దానికి జాగ లేదన్నడు క్లర్కు.

ఆశన్న ఇప్పటికీ నమ్మడు.
రాత్రి చాయ్ కాడ అదే మాట, అదే నవ్వు.
కాని తెల్లారగట్ల, నిచ్చెన ఎక్కే ముందు
గేటు కాడ ఆగుతడు.
నా దిక్కు సూడడు.
సముద్రం దిక్కు సూసుకుంట అడుగుతడు:
"ఏమంటున్నదిరా, నీ గుడ్డ?"

అంకె చెప్త.
కొన్ని రోజులు ఊకుంటడు.
కొన్ని రోజులు, ఏం అనకుండ,
చిన్న పోరగాండ్లను కిందనే ఉండుమని
తను ఒక్కడే పైకి ఎక్కుతడు.