చెక్కుబంది

మా దస్తావేజులో చేనుకి మూడు దిక్కులా మనుషులున్నారు.
తూర్పు: పిచ్చిరెడ్డి మెట్ట.
పడమర: దూదేకుల నాయబు కంది చేను.
దక్షిణాన డొంక; దానికి ఎవరూ అక్కర్లేదు.
ఉత్తరం దగ్గర కాగితం మడత పడింది,
మడత వెంబడి చెద నడిచింది,
'య్య గారి' అన్నంత వరకే మిగిలింది.

హద్దు రాయి నాటాలంటే
ఉత్తరం వాళ్ళొచ్చి నిలబడాలన్నాడు సర్వేయరు.

పామూరు ఆఫీసులో ఆ నంబరు ఎదురుగా
పేరుండాల్సిన చోట వరసగా చుక్కలు,
చిల్లు గోతంలోంచి సజ్జలు కారినట్టు.
"చుక్కల భూమమ్మా" అన్నాడు గుమస్తా,
తప్పు ఆకాశానిదైనట్టు.

చేలో జామాయిలుంది. నాటిందెవరో తెలీదు.
నరికిన కర్ర ఎత్తుకెళ్ళే లారీ డ్రైవరు ఒక నంబరిచ్చాడు.
అది మోగుతుంది. అంతే, మోగుతుంది.

చివరికి మేకల ఓబులేసు చెప్పాడు,
చెప్పుకి దిగిన ముల్లు పీక్కుంటూ, తల ఎత్తకుండా:
"అది మస్తానమ్మోళ్ళది గదా.
బొట్లగూడూరులో కొడుకు కాడ వుండాది."

ఆటోలో పోయాను.
మస్తానమ్మకి ఒక కన్ను ఆపరేషనైంది, ఇంకోటి కావాలి.
"ఆ య్య మా మామ. వెంగయ్య.
జామాయిలు మా చిన్నోడు కౌలుకిచ్చినాడు,
వాడు ఫోనెత్తడు లే" అని
యూరియా సంచిలో చుట్టిన కాగితం తీసింది.
యాభై ఎనిమిదిది. మాదానికంటే పదహారేళ్ళు పెద్దది.

నేనే చదివి వినిపించాను.
తూర్పు: వాగు.
పడమర: బీడు.
ఉత్తరం: మోపాడు పోయే బాట.
దక్షిణం:
గుర్రం మాలకొండమ్మ వేరుశనగ చేను.

మళ్ళీ చదివాను.
వాళ్ళకి దక్షిణం అంటే మేమే.

మాలకొండమ్మ మా నాయనమ్మ.
మా కాగితాల్లో తాత ఉన్నాడు, నాన్న ఉన్నాడు,
అన్న ఫొటోతో సహా ఉన్నాడు.
ఆమె వేలిముద్రైనా లేదు.

"పసుపు కుంకుమ కింద పుట్టింటోళ్ళిచ్చిన చేను గదంటమ్మా.
మీ తాత పేరు ఎప్పుడెక్కిందో నాకు తెలవదు.
కాయ పీకేటప్పుడు మాత్రం
గట్టు మీద ఆమే కూచునేది, కొంగులో కూలి డబ్బులేసుకుని.
మజ్జిగ తాగి పో."

తాగాను. ఉప్పు ఎక్కువైంది.

సోమవారం సర్వేయరొస్తాడు.
బీరువాలో ఇస్త్రీ చొక్కాల కిందనుంచి
అన్న పాసుపుస్తకం తీసి పెట్టుకున్నాడు.
"ఉత్తరం దొరికిందా?" అని అడిగాడు.
దొరికిందన్నాను.

జిరాక్సు నా సంచిలోనే ఉంది,
టిఫిను డబ్బాకి ఆనించి, నిలువుగా,
మడత పెట్టకుండా.