రాలేదు

ఆ తెర నేను రాసిందే.
సొసైటీ ఆఫీసులో, యూరియా బస్తాల వాసనలో
మూడు రాత్రులు కూర్చుని.

పేజీ ముందు తెరుచుకుంటుంది,
పేర్లు తర్వాత వస్తాయి.
అడిగి రమ్మని ఒక కబురు పంపేసి
తెర తన పని తాను చూసుకుంటుంది.
గీతలు గీసుకుంటుంది, గళ్ళు పరుచుకుంటుంది.
పేరు, సర్వే నంబరు, పంట, సెంట్లు.
విస్తళ్ళు వేసేసి
వడ్డన ఇంకా పొయ్యి మీదే ఉన్న పెళ్ళిలా ఉంటుంది.

కబురు ఎంత దూరం వెళ్తుందో నేనూ చూడలేదు.
తాటిపాక టవరెక్కి
ఏ ఊళ్ళోనో చల్లటి గదిలోని యంత్రాన్ని తట్టి లేపి
లక్షల వరసల్లోంచి మా లంక వాళ్ళని ఏరుకుని
తిరిగి రావాలి.
భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులో రేడియోలో చెప్పేస్తారు.
ఆ నీళ్ళు మా రేవు మెట్లు ఎక్కేసరికి మర్నాడవుతుంది.
చెప్పడం వేరు, చేరడం వేరు.

ఆ మంగళవారం
యాళ్ళ పల్లాలమ్మ గారు వచ్చారు.
పాదాలకి రేవు బురద,
చేతిలో పాలకవర్లో మడిచిన కౌలు కార్డు.
"అరటండి, వరదకి మొదలంటా కుళ్ళిపోయింది.
నా పేరెక్కిందేమో చూడు బాబూ,
అయిదింటికి ఆఖరి పడవ."

నంబరు కొట్టాను.
గళ్ళు పరుచుకున్నాయి.
ఖాళీ గళ్ళని చూసి నా తెర
నేను నేర్పినట్టే, ఏ తడబాటూ లేకుండా చెప్పింది:
రికార్డులు లేవు.

వరసలు సున్నా అయితే లేవనే కదా అనుకుని
నిద్రమత్తులో రాసిన వాక్యమది.
వెతికాక మిగిలే సున్నా ఒకటి,
ఇంకా వెతకని సున్నా ఒకటి.
రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి.

ఆవిడ వాదించలేదు.
వాదించేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర
బోలెడు జవాబులున్నాయి.
"ఆయ్, మనకి లేదన్నమాట" అని
కవరు రొంటిని దోపుకుని మెట్లు దిగిపోయారు.

పదకొండు సెకన్లు.
తర్వాత లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

ఒక వరస నిండింది. దాని కింద ఇంకోటి.
అక్షర క్రమం లేదు, వయసు క్రమం లేదు,
పంటు దిగే జనంలా ఎవరు ముందైతే వాళ్ళు.
తొమ్మిదో వరసలో
యాళ్ళ పల్లాలమ్మ, అరటి, డెబ్బై అయిదు సెంట్లు,
మంజూరు.

పరిగెత్తాను. ఒక చెప్పు గట్టు మీదే ఉండిపోయింది.
పడవ అప్పటికి పాయ మధ్యలో ఉంది.
"ఉందండీ! మీ పేరుందండీ!"
సముద్రపు గాలి నా కేకని
నా మొహం మీదికే తోసేసింది.
పడవలో ఎవరో చెయ్యెత్తారు.
వినబడిందనో, వెళ్ళొస్తాననో.
ఇంజను చప్పుడొక్కటే తిరిగొచ్చింది.

ఆ రాత్రి తెరకి కొత్తగా మాటలు నేర్పాను.
వస్తున్నాయి. ఉన్నాయి. లేవు.
పంపిన కబురు తిరిగొచ్చి నోరు విప్పేదాకా
ఆ మూడోది పలకడానికి వీల్లేదు.
తెల్లారగట్ల నాలుగోదొకటి గుర్తొచ్చింది:
కబురు దారిలో మునిగింది, మళ్ళీ పంపు.
దానికి మంచి మాట ఇంకా దొరకలేదు.

చిన్నప్పట్నుంచీ నోట్లో ఉన్న మాటే,
ఎప్పుడూ విప్పి చూసుకోలేదు.
రాలేదు అన్నప్పుడు
చివర లేదు ఉంటుంది, నిజమే.
దానికి ముందు రా అని ఒక పిలుపుంటుంది.

బుధవారం మొదటి పడవలో ఆవిడ లేరు.
సరంగు నూకరాజు చేతికి చీటీ ఇచ్చాను,
జేబులో పెట్టుకుని మర్చిపోయే మనిషి.
కిటికీలోంచి రేవు కనిపిస్తుంది.
తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.
రెండో పడవ అవతలి ఒడ్డున
ఇంకా జనాన్ని ఎక్కించుకుంటోంది.