ఎంత గదికి అంత కన్ను

త్బిలిసిలో ఎండిన వంతెన మీద
పద్దెనిమిదేళ్ళుగా నా దుప్పటి పరిచే ఉంది.
ఎడమ పక్క సోవియట్ పతకాలు,
కుడి పక్క ఎవరింటివో వెండి చెంచాలు,
మధ్యన నేను, నా పాత లెన్సులు.

త్సియూరి వచ్చిన రోజు మంచు పడలేదు గాని
పడతానని బెదిరిస్తోంది.
ఆ పిల్ల ముంజేతుల నిండా పిండి.
"వేగమైన లెన్స్ కావాలి," అంది,
"రోజూ వాడుకునేది."

వేగమంటే పరుగు కాదమ్మా, నోరు పెద్దది, అంతే.
గుక్కెడు వెలుతురున్న చోట
మిగతావి చుక్కచుక్కా చప్పరిస్తుంటే
ఇది ఒక్క గుటకలో మింగేస్తుంది.

రోజూ అంటే ఎప్పుడన్నాను.
తెల్లవారుజామున నాలుగింటికట.
నేలమాళిగలో రొట్టెల కొట్టు,
బావిలాంటి మట్టి పొయ్యి.
ఉషాంగి అందులోకి నడుము దాకా వంగి
పిండిని లోపలి గోడకు చరిచి
పైకి లేచే అర క్షణం
ముఖం మీద నిప్పుల వెలుగు.
బల్బు వేస్తే అది చచ్చిపోతుంది.
ఆ అర క్షణమే కావాలట.

ఎనభై అయిదును ముందే చేతిలోకి తీసుకుంది.
అందరూ అంతే.
బరువు, చల్లదనం, లోపల కదిలే ఊదారంగు.
అందులోంచి ఎర్ర టోపీ ముసలమ్మను చూసింది,
వెనకాల ఊరంతా కరిగి వెన్నయిపోయింది.
"ఇదే," అంది.

మీ కొట్టు ఎన్ని అంగలని
అడగాల్సింది.
అప్పటికి బోణీ కాలేదు.
నోట్లు లెక్కపెట్టుకున్నాను. పిండి వాసన వేశాయి.

వారానికి తిరిగొచ్చింది,
ఫోకస్ రింగు గాడుల్లో తెల్లగా.
"మా కొట్టు రెండంగలు.
లోపల్నుంచి తీస్తే ముక్కూ ఒక కన్నూ.
మనిషి రావాలంటే నేను గోడలోంచి వెనక్కి నడవాలి.
వీధిలోకెళ్ళి కిటికీలోంచి తీశాను.
అద్దం నిండా ఆవిరి.
రొట్టె కాలుస్తున్నాడో నీళ్ళలో మునిగిపోతున్నాడో తెలీదు."

ఎంత చెట్టుకు అంత గాలి,
ఎంత గదికి అంత కన్ను.
యాభై ఇచ్చాను.
వంతెన మీదే రెండంగలు కొలిచి
చెంచాల పెట్టె మీదికి నన్ను వంగమంది.
గడ్డం వచ్చింది, భుజాలొచ్చాయి, చేతులు తెగిపోయాయి.
"చేతులు లేకుండా రొట్టె ఎవరు చేసినట్టు?"

ఇక ముప్పై అయిదు.
అది దుప్పటి మీద లేదు,
నా కోటు లోపలి జేబులో ఉంది.
ముందు గాజు మీద వెంట్రుకంత గీత,
దాలి ఉంగరం గీసింది, ఆమె ఉన్నప్పుడు.
దాంతో ఫోటోలు తీయడం మానేసి ఏడేళ్ళు,
జేబులో వేసుకోవడం మానలేదు.

తీసి ఇచ్చాను.
ఎందుకో నన్నడక్కండి.
నేనూ దాలీ ఉన్న గది కూడా
రెండంగలే.

మార్చిలో ఫోటో తెచ్చింది.
అపెర్చర్ పూర్తిగా తెరిచి తీసింది.
అంత తెరిస్తే
బెత్తెడు మందం దాటి ఏదీ నిలవదు.
ఉషాంగి ముఖం జారిపోయింది.
నిప్పుల వెలుగుకు మా గీత చిన్న తెల్లటి తోక తగిలించింది.
తేటగా ఉన్నది మోచేయి,
దాని మీద పాత కాలిన మచ్చ,
మచ్చ మీద అంటుకున్న ఒక ఉప్పు గింజ.

"తప్పింది కదా," అంది త్సియూరి.

నేను కళ్ళద్దాలు తీసి
ఆ గింజను దగ్గరగా చూస్తూ ఉండిపోయాను.
పతకాలాయన టీ తాగమని రెండుసార్లు పిలిచాడట.

వెళ్తూ ఒక రొట్టె ఇచ్చింది,
రెండు కొసలా మొన తేలిన పడవలాంటిది, ఇంకా వేడి.
విరిచి ఒక ముక్క
కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.
అక్కడ చోటుంది గదా.