మాయ

కేజీహెచ్ కాన్పుల వార్డు కిటికీలోంచి
సముద్రం కనబడుతుందని
కొండ దిగి వచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పరు.
కిల్లో బుద్రి అటు చూడనే లేదు.
కిలోన్నరైనా తూగని బిడ్డ
దూది మధ్య ఊపిరి వెతుక్కుంటుంటే
గోడవైపు తిరిగి పడుకుంది.

నేను పాడేరు అవతల సబ్‌సెంటర్ నర్సుని.
జీపులో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని
ఘాట్ రోడ్డు మలుపులన్నీ లెక్కపెట్టినదాన్ని.
నెలనెలా వేలు పొడిచి
గాజుపలక మీద నెత్తురు చుక్క అద్ది పంపితే
ప్రతిసారీ ఒకటే మాట తిరిగొచ్చేది: లేదు.
వణుకు లేదు, ఒళ్ళు కాలలేదు.
మరి ఈ పిల్ల ఎందుకిలా
ఎండిన చింతబొట్టలా?

పెద్ద డాక్టరమ్మ ట్రేలో మాయని తిరగేసి చూపించింది.
మసి అంటుకున్న గుడ్డలా ఉంది.
"వేలిలో లేదమ్మా, ఇదిగో, ఇక్కడ దాక్కుంది."

మాయ అనే మాటకి
ఆ రోజుదాకా నాకు రెండర్థాలే తెలుసు.
ఒకటి భజనల్లోది, ఒకటి ట్రైనింగులోది.
మూడోది ఆ ట్రేలో చూశాను:
బిడ్డకి పోయే ముద్దని
గుమ్మంలోనే తినేసే దొంగ
పడుకునే గది.

మూడోనాటికి దూది ఖాళీ.
బుద్రి ఒక్కటే అడిగింది:
"దానికి పేరు రాసినారా?"
రాయలేదు.
చీటీ మీద 'బుద్రి బేబీ' అనే ఉంది.

మరుసటేడు మళ్ళీ నెల తప్పింది.
ఆ ఏడే మాకు డబ్బాలొచ్చాయి.
కడుపుతో ఉన్నవాళ్ళకి వారానికి రెండు బిళ్ళలు,
సోమవారం సోమవారం, జ్వరం ఉన్నా లేకపోయినా.
"జొరం నేనిదానికి మందేటి?
ఇల్లు కాలకముందే నీళ్ళోస్తావేటి?" అంది వాళ్ళత్త.
నోట మాట రాలేదు నాకు.
వాగు దాటాక తట్టింది:
వాన రాకముందే కదా
మీరు కప్పు మీద గడ్డి మారుస్తారు!
వెనక్కెళ్ళి చెప్పడానికి పొద్దు లేదు.

నాలుగు వారాల తర్వాత
తడికె సందులో దొరికాయి
ఎనిమిది బిళ్ళలు.
తెల్లగా, చీమలు కూడా ముట్టకుండా.
నా రిజిస్టర్లో ఆ నాలుగు గడుల్లోనూ
టిక్కులు నిక్కచ్చిగా ఉన్నాయి.

కోపంతో అరిచాను. తర్వాత సిగ్గుపడ్డాను.
"కాళీ కడుపున ఏసుకుంటే
లోకం తిరిగిపోతాదమ్మా.
మద్దేనం దాకా మాకు పొయ్యి ఎలగదు," అంది,
తప్పంతా పొయ్యిదే అన్నట్టు.
మింగిందా అని అడిగే గడి ఉంది రిజిస్టర్లో.
తిన్నదా అని అడిగే గడి లేదు.

ఆ పై సోమవారం నుంచి
నా సంచిలో చోడిపిండి కూడా మోశాను.
అంబలి కాచి, తాగేదాకా కూర్చుని,
అప్పుడు బిళ్ళలు.
చేదు గొంతు దిగేదాకా
ఆమె నా మణికట్టు పట్టుకుని వదిలేది కాదు.
ఒకసారి నేనూ ఒకటి నాలుక మీద పెట్టుకున్నాను.
సాయంత్రం టీ కూడా చేదే.

మాఘంలో కన్నది, సోమవారమే.
కొక్కేనికి ఉయ్యాలగుడ్డ తగిలిస్తే
త్రాసు ముల్లు రెండున్నర దాటి వణికింది.
ఆ ఏడు ఆ ఇంట్లో
వణికింది అదొక్కటే.
మాయని నేనే తిరగేసి చూశాను.
డాక్టర్ని కాను, అయినా చూశాను.
ఎర్రగా ఉంది. వాళ్ళత్త దాన్ని
ఇంటి వెనక లోతుగా పాతిపెట్టింది.
బుద్రి అడగకముందే
పెన్ను విదిల్చి రాసుకున్నాను: సోమ్రి.

ఇప్పుడు గోపాలపట్నంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.
మునిసిపాలిటీ వాళ్ళు పొగ కొట్టి పోతారు,
మనవడు దగ్గుతూ నవ్వుతాడు.
రిజిస్టర్లన్నీ ఆఫీసుకి అప్పగించేశాను.
వాగు పొంగి నేను దాటలేకపోయిన
మూడు సోమవారాలు మాత్రం
అప్పగించడం కుదర్లేదు.
అవతలి ఒడ్డున వంతల రాస్మో
కడుపు మీద చెయ్యేసుకుని నిలబడింది.
నేను డబ్బా ఎత్తి చూపించాను.
ఆమె ఏదో అంది.
నీళ్ళ హోరులో వినబడలేదు.