ఎనిమిదిన్నర ఖాసింబీది

లాట్ చీటీ వెనక్కి తిప్పి గళ్లు గీస్తున్నాను.
పదో తరగతి దాకా చదివిన పాపానికి
ఏటా ఈ పని నాదే.

ఉగాది వెళ్లింది.
పాత సీరియళ్లు కొన్ని చచ్చాయి,
కొన్ని చచ్చీ చావకుండా సాగుతున్నాయి,
కొత్తవి వరసలో నిలబడ్డాయి
యార్డు గేటు ముందు లారీల్లాగా.

ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
పధ్నాలుగు మందిమి, నడుమ తేజ కాయల గుట్ట.
కిలోకి ఇంతని తొడిమలు తీస్తాం.
చేతులకి మంట, నోటికి తీరిక.
అందుకే మా ఏర్పాటు:
ఒక్కొక్కరు ఒక్క సీరియల్ చూడాలి,
పొద్దున్నే వచ్చి మిగతా పదమూడు మందికీ చెప్పాలి.
అన్నీ చూడ్డానికి ఎవరికి కుదురుద్ది,
నీళ్లు పట్టాలి, అన్నం వార్చాలి,
రిమోటు మొగుడి దిండు కింద ఉంటుంది.

"ఏడింటికి రెండో తాళంచెవి," చదివాను.
"నాకొద్దే తల్లీ," అంది శౌరమ్మ.
"మూడేళ్లయింది, ఆ పిల్ల ఇంకా బీరువా ముందే నిలబడింది.
నేనైతే గునపంతో పగలగొట్టి
కూరకి టైమైందని ఇంటికి పోయేదాన్ని."
తాలుకాయ. పక్కన పడేశాం.

ఏడున్నర. ముత్యాల వంతెన, కొత్తది.
హీరోయిన్ కారం మిల్లులో పనిచేస్తుందట,
తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని.
షెడ్డంతా నవ్వింది,
నవ్వు దగ్గయింది,
దగ్గు తగ్గడానికి పది నిమిషాలు పట్టింది.
"ఒక్కసారన్నా తుమ్ముద్దేమో చూసి చెప్తా,"
నాగేంద్రం తీసుకుంది.

శనాదివారాలు పాటల పోటీ, మళ్లీ వస్తోంది.
అది రత్తమ్మ కూతురు చూసి తల్లికి చెబుతుంది,
తల్లి మాకు పాడుతుంది.
అక్కడే ఇబ్బంది.

ఎనిమిదిన్నర అనకముందే
నా పెన్ను కింద గడి నిండిపోయింది.
సముద్రం పక్క ఇల్లు. ఖాసింబీ.

ఆవిడ చెబుతుంటే చేతులు ఆగిపోతాయి.
మేస్త్రీ కేకేస్తాడు, కాసేపటికి
కేక సగంలో మింగి, వచ్చి బస్తా మీద కూర్చుంటాడు.
పెద్దకోడలు మాధురి కుట్టుమిషను కొనుక్కుంది.
మామగారి మీద కేసు పెట్టలేదు,
ఆయన కళ్లద్దాలు మాత్రం దాచిపెట్టింది.
రాత్రుళ్లు అలలు లెక్కపెడుతుంది,
లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి.
ఏడవదు.
సీరియల్లో ఏడవని మనిషిని
మేం ఇంకెక్కడా చూళ్లేదు.

పోయిన నెల ఖాసింబీకి జ్వరమొస్తే
వారం కూలి ఇచ్చొద్దామని లాలాపేట వెళ్లాను.
టీవీ ఉంది.
టీవీ మీద గుడ్డ, గుడ్డ మీద మందుసీసాలు.
కేబుల్ వైరు కిటికీ చువ్వ నుంచి తలుపు దాకా కట్టి ఉంది,
దాని మీద మనవడి లాగు ఆరుతోంది.

"ఎప్పట్నుంచి?"
"దసరా ముందు నుంచి."
కాసేపాగి తనే అంది,
"ఆ సీరియలూ అప్పుడే ఆపేశారంటలే."

మజ్జిగ ఇచ్చింది.
గ్లాసు అడుగు కనపడేదాకా తాగి
అడగాల్సింది అడిగాను:
"మాధురి వాళ్లమ్మ ఉత్తరం విప్పిందా, లేదా?"
"పని దగ్గర చెప్తాగా," అంది,
దుప్పటి మెడ దాకా లాక్కుంటూ.

ఇప్పుడు చీటీలో చివరి గడి మిగిలింది:
కొత్తదా, పాతదా.
అన్నిటికీ రాశాను. దీని దగ్గర పెన్ను ఆగింది.
"ఏం రాయాలే?" అన్నాను గాల్లోకి.
శౌరమ్మ నావైపు చూడలేదు.
నాగేంద్రం అసలే చూడలేదు.
ఖాసింబీ ఒక కాయ తీసుకుని
తొడిమ ఎటుందో వెతుకుతోంది.

మేస్త్రీ చెవి గోక్కుంటూ వచ్చాడు.
"ఆ ఎనిమిదిన్నరది ఏ చానలమ్మా?
మా ఇంట్లో ఎంత తిప్పినా రావట్లా."

పధ్నాలుగు తలలు గుట్టలోకి వంగాయి.

"మీ ఇంట్లో రాదులే," అంది శౌరమ్మ,
కాళ్లు ముడుచుకుని కాస్త జరుగుతూ.
"ఇక్కడే వచ్చుద్ది. కూర్చో."