తేలాల్సింది

మొగిలి ఘాటు ఎక్కుతుంటే
నా వెనక బస్సు పట్టపగలు లైట్లేసుకుంది.
అంత పొగ.
అద్దంలో రోడ్డు లేదు,
నేను వదిలిన నలుపు తప్ప.

బ్యాంకు వేలంలో కొన్న పద్మిని అది.
పొద్దున చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలు,
వేడెక్కిందా, ఇక దగ్గే దగ్గు.
లీటరుకు ఏడు కిలోమీటర్లు.
నా చొక్కా పెట్రోలు వాసనకి
స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్క కుర్చీ
ఎవరూ అడక్కుండానే నాదైపోయింది.

పలమనేరులో ఒకాయన జెట్టు మార్చాడు.
బంగారుపాళెంలో ఒకాయన స్క్రూ తిప్పాడు.
రెండు ఆదివారాలు నేనూ తిప్పాను,
తెలుగు పంతుల్ని, ఏం తిప్పానో నాకే తెలీదు.

చిత్తూరు బెల్లం మండీ వెనక
చెంగల్రాయులు రేకుల షెడ్డు.
నలభై ఏళ్లు సైలెన్సర్ల పక్కన కూర్చుని
చెవులు రెండూ ఇంజన్లకే ఇచ్చేసిన మనిషి.
నేను చెప్పిందంతా నా పెదాల మీద చూశాడో లేదో,
పొగగొట్టంలో వేలు తిప్పి నా ముందుకు చాపాడు.
కాటుక.

"ఆకలనుకుంటా ఉండావు సార్.
ఇది అజీర్తి."

నాలుగు ప్లగ్గులూ విప్పి
పాత పేపరు మీద వరసగా పెట్టాడు.
మండీలో తెచ్చుకున్న బెల్లం అచ్చు విరిచి
వాటి పక్కన ఒక ముక్క.
"ప్లగ్గు ముక్కు ఈ రంగుండల్ల.
నీవి చూడు, అడుగంటిన పాకం.
ఒకటే నల్లబడుంటే ఆ ఇంట్లో జబ్బు.
నాలుగూ నల్లబడినాయంటే
వంట చేసేకాడే ఉండాది తప్పు."

ఎయిర్ ఫిల్టరు ఎండకు పట్టాడు,
వెలుతురు ఇవతలికొచ్చింది.
చోక్ తీగ లాగి వదిలాడు,
రెక్క నిటారుగా నిలబడింది.
సూదిని గోటి మీద దొర్లించాడు, గాడి లేదు.
మధ్యలో టీ వచ్చింది.
ఈగలు వాలకముందే
ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

చివరికి కార్బొరేటర్ గిన్నెలోంచి
నిమ్మకాయంత ఇత్తడి బుడ్డ.
పెట్రోలు మీద తేలాలి, తేలి తలుపు మూయాలి,
అంతే దాని ఉద్యోగం.
చెవి దగ్గర ఊపాడు.
ఆగాడు.
మళ్లీ ఊపాడు.
ముఖంలోకి ఏదో వచ్చి పోయింది.
బుడ్డ నా చేతిలో పెట్టాడు.
"నువ్వు ఇను."

లోపల,
ముదురు టెంకాయలో మిగిలిన నీళ్లలా
ఒక చిన్న చప్పుడు.
అవునని తల ఊపాను.
నా తల ఊపు ఆయన విన్నాడు.

స్టవ్ ఆర్పేసి, కాగిన నీళ్లు దూరంగా తెచ్చి
అందులో ముంచాడు.
అతుకు పక్క నుంచి బుడగలు,
ఆవగింజలంత, తొందరేం లేనట్టు.
దేని మీద తేలాలో
దాన్నే తాగుతూ కూర్చుంది ఇన్నాళ్లూ.
మూసుకోని తలుపులోంచి
నా జీతం, బస్సు డ్రైవరు తిట్లు, ఆ రెండు ఆదివారాలు.

లోపలిదంతా పోయిందాకా కాచి
మస్తాను సీసం పెట్టాడు, కుర్రాడు, ధారాళంగా.
చెంగల్రాయులు ఆకురాయి అందుకున్నాడు.
"చిల్లు మూసేదానికి ఇంతెందుకు రా అబ్బోడా,
మందు బరువుకే మునుగుతాది మళ్లా."
రాకి, గ్లాసెడు పెట్రోల్లో వదిలి,
వంగి, కన్ను అంచుకు పెట్టి చూసి,
మళ్లీ రాకాడు. మూడుసార్లు.

బండి స్టార్టయింది.
బానెట్ మీద అరచెయ్యి ఆనించి అడిగాడు
"శబ్దం ఎట్లుండాది సార్?"
"బాగుంది" అన్నాను.
"బాగుందంటే?"
పాతికేళ్లుగా పద్యాలకు తాత్పర్యం చెప్పే నోరు,
తెరిచి ఉంది, అంతే.

"సరే, రేపు ఘాటెక్కి దిగి రా.
ప్లగ్గు చూసినాకనే దుడ్లు."

ఘాటు పైన బండి ఒక పక్కకు తీసి
ఇంజను ఆపకుండా అద్దం దించాను.
బస్సు దాటిపోయింది, లైట్లు లేకుండా.
చాలాసేపు విన్నాను,
దిగాక ఆయనకేం చెప్పాలా అని
ఒక్కో మాటా పెదాల మీద పెట్టి చూసుకుంటూ.