పచ్చ గడి

సంఘం ఆఫీసు బీరువాలోంచి
రిజిస్టరులో సంతకం పెట్టి తెచ్చిన కెమెరా.
సబ్బుబిళ్లంత. బ్యాటరీ మూతకి రబ్బరు బ్యాండు.
"పోగు పోగుగా అగుపడాల" అన్నారు సెక్రటరీ గారు.

పొందూరులో ఆ మధ్యాహ్నం కరెంటు లేదు.
గుమ్మంలోంచి పడ్డ వెలుగులో
బల్లెడ నీలవేణమ్మ రాట్నం ముందు కూచుంది.
ఎండిన అరటి డొప్పలోంచి ఏకు తీసి
కదురుకి తగిలించి చెయ్యి వెనక్కి లాగితే
గాలిలో ఏదో సాగింది.
సాగిందని నాకు తెలుసు,
కెమెరాకి తెలీదు.

మీట సగం నొక్కాను.
పచ్చ గడి కాసేపు తడుముకుని
వెనక గోడ మీది క్యాలెండర్ని పట్టుకుంది.
విత్తనాల కొట్టు ఫోన్ నంబరు,
అమావాస్య పక్కన నల్లచుక్క,
మేకు తలకాయ మీది తుప్పు
అన్నీ కత్తిలా.
పోగుండాల్సిన చోట ఖాళీ.

పువ్వు గుర్తు పెట్టి దగ్గరికి జరిగాను.
గడి ఎర్రబడింది.
మరీ దగ్గరైనా దానికి చూపానదు.
ఫ్లాష్ వేస్తే
తెల్లగోడ మీద తెల్లపోగు, పాలల్లో పాలచుక్క.

"ఎనకాల నల్లటిదేటైనా ఎట్టు బావూ,
తెగిన కొస నానూ అలాగే ఎతుక్కుంటాను"
అని మొగుడి గొడుగు విప్పించింది.
ఈసారి గడి
గొడుగు చిరుగుకి వేసిన కుట్టు మీద వాలింది.

పీట మీద వాలుగ చేప దవడ
పత్తి దువ్వి దువ్వి అరిగిన పళ్లతో
నన్నే చూస్తోంది.

"పోగునేటి సూత్తావు? నాను సూడను.
బొటనేలు సూడు.
పోగెక్కడుందో ఏలికి తెలుసు."

వేలి మీద గడి పెట్టాను.
పగుళ్లు, నూనె మరక, గోటి కింద దూది.
పచ్చ. బీప్.
సగం నొక్కిన మీటని సగంలోనే ఉంచి
కెమెరాని బెత్తెడు పక్కకి తిప్పి
మోచేతులు డొక్కలకి ఆనించి
ఊపిరి బిగబట్టాను.
పోగు సాగినంతసేపూ
ఆమె కూడా ఊపిరి తియ్యదని అప్పుడే చూశాను.
ఇద్దరం ఒక్కసారే వదిలాం.

బస్సు చిలకపాలెం దాటాక
అరచేతి నీడలో తెర మీద పెద్దది చేస్తే,
నల్లగుడ్డ మీద
ఈ అంచు నుంచి ఆ అంచుకి
గీత.

ఆమె ముఖం మాత్రం మసక.
ముక్కుపుడక ఉండాల్సిన చోట
గుండ్రటి వెలుగు, కందిగింజంత.

సెక్రటరీ గారు ముఖం అడగలేదు.
అయినా కిటికీ పక్కన కూచుని
రేపటి బస్సు వేళలు లెక్కేస్తున్నాను.
బ్యాటరీలో ఒక్క గీత మిగిలింది.